జంట ఓడలు రాజులా, రోహ్నా (ధారావాహిక: 9వ భాగం)

1926లో బ్రిటన్‌లోని రెండు వేరువేరు నౌకా నిర్మాణశాలల్లో, ఒకే యజమాని కోసం, ఒకే దారిలో నడపడానికి రెండు ఓడలు తయారయ్యాయి. గ్లాస్గోలో బార్క్‌లే కర్ల్ సంస్థ కట్టిన దానికి రాజులా అని, టైన్ నది ఒడ్డున హెబ్బర్న్‌లో హాథార్న్ లెస్లీ సంస్థ కట్టిన దానికి రోహ్నా అని పేర్లు పెట్టారు. యజమాని బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. దారి మద్రాసు నుంచి నాగపట్నం మీదుగా పెనాంగు, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూరు. ఆ కంపెనీ తన ఓడల పేర్లకు భారతదేశపు ఊళ్ళ పేర్లనే ఎక్కువగా వాడుకునేది, అందులోనూ ‘ఆ’కారంతో ముగిసేవాటిని ఏరుకునేది, రాజులా అనేది కాఠియావాడులోని ఒక పట్టణం. ఈ రెంటిలో ఒకటి 17 ఏళ్ళకే మధ్యధరా సముద్రం అడుగుకు చేరగా, రెండోది 50 ఏళ్ళకు కొంచెం తక్కువగా బతికి బొంబాయిలో ఇనుప ముక్కలైంది. వాణిజ్యం కోసం పుట్టిన ఓడను యుద్ధం తనదిగా చేసుకున్నప్పుడు ఆ ఓడకూ, అందులో పనిచేసేవారికీ ఏం జరుగుతుందో ఈ జంట చరిత్రలో చూసినంత స్పష్టంగా మరోచోట కనబడదు. అయితే యుద్ధం ఈ ఓడలనే ఎందుకు కోరుకుందో తెలియాలంటే, శాంతికాలంలో ఇవి ఎవరి కోసం కట్టినవో ముందు చూడవలసి ఉంటుంది.

బ్రిటిష్ ఇండియా కంపెనీకి 1856లో విలియం మెకినన్ అనే స్కాట్లండు వర్తకుడు కలకత్తా, బర్మాల మధ్య తపాలా మోసే చిన్న సంస్థగా పునాది వేశాడు. తపాలా ఒప్పందాలకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము నిలకడగా ఉండటంతో, కంపెనీ బంగాళాఖాతపు రేవులన్నిటినీ తన స్టీమర్లతో కలుపుకుంటూ పోయింది. కాకినాడ, విశాఖపట్నం జనానికి సముద్రయానం అంటే ఈ కంపెనీ ఓడలే. కాకినాడలో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. లోతు చాలక దూరంగా లంగరు వేసి నిలబడితే, మనుషులనూ మూటలనూ పడవల్లో దాని దగ్గరకు చేర్చేవారు. గోదావరి జిల్లాలలో, ఉత్తరాంధ్రలో రంగూనుకు వెళ్ళడాన్ని ‘రంగం పోవడం’ అనేవారు; బర్మాలో తెలుగువారిని కోరింగి రేవు పేరు మీదుగా ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఒక రేవు పేరు ఒక జాతికి పేరై నిలిచిందంటే ఆ రాకపోకలు ఎంత దట్టంగా సాగాయో ఊహించవచ్చు.

మలయాకు దారి వేరు. అక్కడి రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు కూలీలను కంగాణీలు చేర్చేవారు. కంగాణీ అంటే తోటలో మేస్త్రీగా ఉంటూ, యజమాని ఇచ్చిన డబ్బుతో సొంత ఊరికి వచ్చి, తన బంధువులనూ ఇరుగుపొరుగువారినీ వెంటబెట్టుకుపోయే మనిషి. ఇలా వెళ్ళినవారిలో తమిళులు అత్యధికులు. విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువారు వారి తరవాతి వరుసలో ఉన్నారు. పెరాక్ దిగువ ప్రాంతంలోని బగాన్ డాటో కొబ్బరి తోటలలో తెలుగు పల్లెలే వెలిశాయి. 1922లో వలసల చట్టం వచ్చి ప్రభుత్వం ఈ రాకపోకలను తన పర్యవేక్షణలోకి తెచ్చుకుంది; 1938లో, తోటల కూలి తగ్గింపుపై వివాదం ముదిరి, పనితనం లేని కూలీలను ఖర్చులు పెట్టి మలయాకు పంపడాన్ని భారత ప్రభుత్వం నిలిపివేసింది. రాజులా, రోహ్నాలు ఈ రెండు తేదీల నడిమి కాలపు ఓడలు. కూలీల రద్దీ ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు, ఆ రద్దీని లెక్కగట్టి గీసిన నమూనాలవి.

వాటి పరిమాణం అసాధారణమైనది కాదు. రోహ్నా స్థూల టన్నేజి 8,602, రాజులాది 8,478. ఇక్కడ టన్ను అనేది బరువు కాదు, నూరు ఘనపుటడుగుల లోపలి చోటును ఒక టన్నుగా కొలిచే నౌకా పరిభాష. వేగం గంటకు 12, 13 నాట్ల దగ్గర ఆగేది. నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు. అసాధారణమైనది మరొకటి ఉంది: ఈ ఒక్కొక్క ఓడకు 5,000కు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. గదులు, పడకలు ఉన్న తరగతులకు దక్కిన చోటు కొద్దిమందికే. మిగిలిన ఓడంతా డెక్కు ప్రయాణికులదే. అట్లాంటిక్ దాటే లైనర్లు ఇంతకు ఐదారు రెట్లు పెద్దవైనా ఇందులో సగం మందిని మోయడం అరుదు.

డెక్కు ప్రయాణికుడు అంటే పడక లేని ప్రయాణికుడు. అతను కొనేది ఓడలో ఒక గది కాదు, ఇనుప నేల మీద కొన్ని చదరపు అడుగులు. ఎక్కగానే చాప పరిచి, తలవైపు ట్రంకుపెట్టె పెట్టి, ఆ చోటు తనదని గుర్తు చేసుకుంటాడు. సరుకు గదుల మూతల మీద చోటు దొరికినవాడికి గాలి దొరికినట్టే, అడుగు అంతస్తులో దొరికినవాడికి యంత్రాల వేడీ, వాంతుల వాసనా దొరికినట్టే. ఎండకూ వానకూ అడ్డంగా పైన టార్పాలిన్ కడతారు. శాకాహారులకు, మాంసాహారులకు వంట వేరువేరుగా జరిగేది. వారం రోజుల ప్రయాణంలో ఒకే ఇనుప నేల మీద కులాలు, భాషలు, ఊళ్ళు పక్కపక్కనే నిద్రపోయాయి. గోడలు తక్కువ, మెట్లు వెడల్పు, చదునైన అంతస్తులు ఎక్కువ: వేలమందిని త్వరగా ఎక్కించి, త్వరగా దించడానికి అనువైన ఆ కట్టుబడిని కూలీల టిక్కెట్టు ధర నిర్ణయించింది. సైన్యాధికారుల కంటికి అదే కట్టుబడి బెంచీలూ ఉయ్యాల పడకలూ వేలాడదీయడమే మిగిలిన సిద్ధమైన సేనావాహక నౌకగా కనిపించింది.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం తన జెండా కింద నడిచే వాణిజ్య నౌకలను అవసరం మేరకు స్వాధీనం చేసుకునే అధికారాన్ని వినియోగించసాగింది. దీనిని రిక్విజిషన్ అంటారు. ఇది జప్తు కాదు. ఓడ యాజమాన్యం కంపెనీదే, సిబ్బందిని పెట్టుకునేదీ జీతాలిచ్చేదీ కంపెనీయే. కాని ఓడ ఎక్కడికి పోవాలి, ఏం మోయాలి, ఎప్పుడు కదలాలి అనేది ప్రభుత్వం చెబుతుంది. అందుకు నిర్ణీత అద్దె చెల్లిస్తుంది, ఓడ మునిగితే విలువ కట్టి ఇస్తుంది. ఇలా తీసుకున్న ఓడలకు ప్రధానంగా మూడు గతులుండేవి. వేగంగల లైనర్లకు ఫిరంగులు బిగించి, నౌకాదళపు సిబ్బందిని ఎక్కించి, సాయుధ వాణిజ్య క్రూయిజర్లుగా మార్చారు. పి అండ్ ఓ కంపెనీ వారి రావల్పిండి ఇటువంటిదే, 1939 నవంబరు 23న జర్మన్ యుద్ధనౌక షార్న్‌హోర్స్ట్ చేతిలో అది మునిగింది. రెండో గతి తెల్లరంగు, ఎర్రశిలువ వేసుకున్న ఆసుపత్రి నౌక. మూడోది, సంఖ్యలో ఎక్కువది, సేనావాహక నౌక. ఇందులో వాణిజ్య సిబ్బందే కొనసాగుతారు. ఆత్మరక్షణకు కొన్ని తుపాకులు, విమాన నిరోధక ఫిరంగులు, వాటిని పేల్చడానికి కొద్దిమంది గన్నర్లు మాత్రం అదనంగా వస్తారు. యుద్ధనౌకతో సమానమైన ప్రమాదంలో, యుద్ధనౌకకుండే కవచం లేకుండా నడవడం ఈ గతిలోని విశేషం. రాజులా, రోహ్నాలకు ఈ మూడోదే దక్కింది. మరుసటి ఏడాది, 1940లో, రోహ్నా సేనల తరలింపులోకి వచ్చింది.

యుద్ధపు తొలి రెండేళ్ళలో హిందూ మహాసముద్రం మధ్యధరాతో పోలిస్తే ప్రశాంతమైనది. బొంబాయి నుంచి సూయజ్‌కు, బస్రాకు, సింగపూరుకు భారత సేనలను మోయడం బ్రిటిష్ ఇండియా ఓడల ప్రధాన పని అయింది. ఓడలు ఒంటరిగా కాక గుంపుగా, చుట్టూ యుద్ధనౌకల కాపలాతో సాగే పద్ధతిని కాన్వాయ్ అంటారు. గుంపులో అన్నిటికన్నా నెమ్మదైన ఓడ వేగమే గుంపు వేగం కాబట్టి, 13 నాట్ల కన్నా ఎక్కువ పోలేని ఓడ తన వెంట ఉన్న వేగవంతమైన ఓడలను కూడా కట్టిపడేసేది.

ఈ దశలో సముద్రం లేని హైదరాబాద్ రాజ్యం ప్రస్తావన రావడం వింతగా తోచవచ్చు గాని, ఆ ప్రస్తావన లేకుండా ఈ చరిత్ర అసంపూర్ణం. ఉదాహరణకు, ఈనాడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న బోరంచ, దాని చుట్టుపక్కల ఊళ్ళు ఆ కాలంలో నారాయణఖేడ్ తాలూకాగా నిజాం రాజ్యపు బీదర్ జిల్లాలో ఉండేవి; 1956లో రాష్ట్రాల పునర్విభజన తరవాతనే ఆ తాలూకా మెదక్ జిల్లాలోకి వచ్చింది. మంజీర పరీవాహకంలోని ఆ ఊళ్ళకు నీటి ప్రయాణమంటే తోలు కప్పిన పుట్టి మీద ఏరు దాటడమే. రాజ్యానికి ఒక్క రేవు కూడా లేదు. అయినా ఆ రాజ్యం సముద్రయుద్ధంలో రెండు విధాల పాలుపంచుకుంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తింపుగా బ్రిటన్‌లో కట్టి, 1940 జులైలో నీటిలోకి దించిన ఒక డిస్ట్రాయరుకు ‘నిజాం’ అని పేరు పెట్టారు. అది ఆస్ట్రేలియా నౌకాదళంలో పనిచేసింది. డబ్బు వెళ్ళిన దారి అది. మనుషులు వెళ్ళిన దారి మరొకటి. నిజాం సొంత సేనలోని మొదటి హైదరాబాద్ పదాతి దళం సముద్రం దాటి మలయాకు వెళ్ళి, ఈశాన్య తీరంలోని కోటా బారు విమానాశ్రయానికి కాపలాగా నిలిచింది.

1941 డిసెంబరు 8 తెల్లవారుజామున జపాన్ సేనలు తొలిగా దిగింది ఆ కోటా బారు తీరంలోనే. వారిని మోసుకొచ్చిన మూడు నౌకలు అవజిసాన్ మారు, అయతోసాన్ మారు, సకురా మారు. ఇవి కూడా జపాన్ సైన్యం స్వాధీనం చేసుకున్న వాణిజ్య నౌకలే. కోటా బారు నుంచి లేచిన హడ్సన్ విమానాల బాంబులకు అవజిసాన్ మారు మంటల్లో చిక్కుకుని పోయింది. పసిఫిక్ యుద్ధంలో జపాన్ కోల్పోయిన తొలి నౌకగా దానిని చరిత్రకారులు పేర్కొంటారు. ఒక పక్షం సరుకు ఓడల మీద దిగింది, మరో పక్షం కూలీల ఓడలు తిరిగే సముద్రం దాటి వచ్చి వారికి ఎదురుగా నిలబడింది. ఆ సాయంత్రానికి విమానాశ్రయం చేజారింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోవడంతో, మద్రాసు నుంచి రాజులా, రోహ్నాలు పదిహేనేళ్ళుగా మోసిన తోట కూలీలూ, యుద్ధకాలంలో ఓడల మీద వచ్చిన సైనికులూ ఒకే ఏలుబడి కింద చిక్కుకుపోయారు. మద్రాసు–సింగపూరు దారి మూతపడింది. ఆ దారి కోసం కట్టిన ఓడలకు ఇక తిరిగి వెళ్ళే చోటు లేదు.

ఆ వసంతంలో బంగాళాఖాతం కూడా చేజారినంత పనైంది. 1942 ఏప్రిల్ 6న అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేశాయి. అదే రోజు ఒడిశా తీరం వెంట కాపలా లేకుండా పోతున్న వాణిజ్య నౌకలను జపాన్ క్రూయిజర్లు వేటాడాయి. ఒజావా దళం కొద్దిరోజుల్లో ముంచిన 20కు పైగా నౌకలలో మాల్దా, గాండారా, ఇండోరా అనేవి బ్రిటిష్ ఇండియా ఓడలే. విశాఖ జనం ఊరు వదిలి కొండల వైపు పరుగులు తీయడం, సింధియా కంపెనీ అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టిన నౌకా నిర్మాణశాల పని చెల్లాచెదురవడం వేరే అధ్యాయానికి చెందిన విషయాలు. వాటిని తరవాతి భాగంలో విపులంగా చూడవచ్చు.

1943 నాటికి యుద్ధపు బరువు మధ్యధరా మీదికి మారింది, రోహ్నా కూడా అక్కడికే చేరింది. ఆ సముద్రంలో సేనావాహక నౌక మునగడం ఎంత ఘోరమో ఆ ఏడాది మే 1న బ్రిటిష్ ఇండియా వారిదే అయిన ఎరిన్‌పురా చాటిచెప్పింది. లిబియాలోని బెంగాజీకి ఉత్తరాన బాంబు తగిలి ఆ ఓడ నిమిషాల్లో మునిగిపోగా, ఆఫ్రికాలోని బసూతోలాండ్ నుంచి వచ్చిన వందలాది సైనికులు అడుగు అంతస్తుల్లోనే ఉండిపోయారు. అడుగు అంతస్తులో వేలమందిని కూర్చోబెట్టగలగడం ఈ ఓడల సుగుణం. ఆ వేలమందిని పైకి తీసుకురావలసిన గడియలో అదే వాటి శాపం.

1943 నవంబరు 25న అల్జీరియాలోని ఓరాన్ రేవు నుంచి రోహ్నా బయలుదేరింది. అందులో దాదాపు 2,000 మంది అమెరికన్ సైనికులు, 195 మంది ఓడ సిబ్బంది ఉన్నారు. సిబ్బందిలో అధికారులు బ్రిటిష్, ఆస్ట్రేలియన్ జాతీయులు, కెప్టెన్ టి.జె. మర్ఫీ ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, మిగిలినవారంతా భారతీయులు. సైనికులలో పెద్ద భాగం 853వ ఇంజనీరింగ్ విమానయాన దళానికి చెందినవారు, అంటే విమానాశ్రయాలు కట్టే పనివారు. వారి గమ్యం సూయజ్ మీదుగా భారతదేశం. జపాన్ బర్మాను ఆక్రమించి చైనాకు నేల దారి మూసివేయడంతో, అస్సాం నుంచి హిమాలయాల మీదుగా విమానాల్లో సామగ్రి పంపవలసి వచ్చింది. ఆ విమానాలకు రన్‌వేలు కావాలి, రన్‌వేలకు మనుషులు కావాలి. భారతీయులను ఇంటి నుంచి దూరంగా మోయడానికి కట్టిన ఓడ, తన చివరి ప్రయాణంలో పరాయివారిని భారతదేశం వైపు మోస్తూ సాగింది.

మరునాడు రోహ్నా కె.ఎం.ఎఫ్. 26 అనే కాన్వాయ్‌లో కలిసి తూర్పుకు సాగుతోంది. బ్రిటన్ నుంచి మధ్యధరాకు పోయే వేగవంతమైన ఓడల గుంపులకు ఆ అక్షరాలు గుర్తు. మధ్యాహ్నం దాటిన తరవాత, అల్జీరియా తీరంలో బూజీ పట్టణానికి ఎదురుగా, ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గరి స్థావరం నుంచి వచ్చిన జర్మన్ హైంకెల్ 177 బాంబర్లు కనబడ్డాయి. అవి మోసుకొచ్చినవి మామూలు బాంబులు కావు. హెచ్‌ఎస్ 293 అనేది రెక్కలున్న, టన్నుకు పైగా బరువున్న బాంబు. విమానం నుంచి విడివడగానే దాని కింది రాకెట్ మండి వేగాన్నిస్తుంది, ఆ తరవాత అది గాలిలో జారుతూ పోతుంది. తోక దగ్గర వెలిగే దీపాన్ని కంటితో చూస్తూ, విమానంలో కూర్చున్న మనిషి చిన్న పిడిని అటూ ఇటూ కదిపి, రేడియో సంకేతాలతో దానిని లక్ష్యం మీదికి నడిపిస్తాడు. నేటి పాఠకుడికి గైడెడ్ క్షిపణి అంటే సులభంగా అర్థమవుతుంది. అప్పటికి ఆ ఆయుధం యుద్ధరంగంలోకి వచ్చి మూడు నెలలైంది. దాని నుంచి తప్పుకోవడానికి ఓడకు వేగం, చురుకుదనం కావాలి. గుంపులో తన వరుస విడవకుండా 12 నాట్లతో పోతున్న కూలీల ఓడకు రెండూ లేవు.

సాయంత్రం ఐదు గంటల వేళ ఒక బాంబు రోహ్నా ఎడమ పక్కన, యంత్రాల గది దగ్గర, నీటి మట్టానికి కొంచెం పైన తాకింది. రెండో పక్క ఇనుప రేకు కూడా చీలిపోయింది. యంత్రాలు ఆగాయి, పంపులు ఆగాయి, దీపాలు ఆరాయి, మంటలు లేచాయి. ఆ పేలుడు జరిగిన చోట, ఆ గడియలో డ్యూటీ మీద ఉన్నవారు అగ్నిగుండాల దగ్గరి భారతీయ కార్మికులు. దానికి ఆనుకున్న అంతస్తులో ఉన్నవారు అమెరికన్ సైనికులు.

ఆ తరవాత జరిగినదంతా రక్షణ పడవల దగ్గర జరిగింది. ఓడ పక్కన వంగిన ఇనుప చేతులకు రక్షణ పడవలను వేలాడదీస్తారు; ఆ చేతులను డేవిట్లు అంటారు, తాళ్ళు కప్పీల మీదుగా జారి పడవ సమంగా కిందికి దిగాలి. రోహ్నాలో 22 పడవలున్నాయి. కొన్ని పేలుడుకే పగిలాయి. మిగిలినవాటిలో చాలా పడవల కప్పీలు తుప్పు పట్టి కదలలేదు, కొన్ని తాళ్ళు తెగాయి, ఒక కొస ముందుగా జారి కొన్ని పడవలు మనుషులను నీటిలోకి కుమ్మరించాయి. నీటిని చేరినవి కొద్దిపాటి పడవలు. వాటిలోనూ కిక్కిరిసి తలకిందులైనవి ఉన్నాయి. చాలామంది తాళ్ళ వలల మీదుగా దిగి, లేదా దూకి, తెప్పలను, చెక్కలను పట్టుకున్నారు. అలలు పెద్దవిగా ఉన్నాయి, పొద్దు కుంకుతోంది, నవంబరు నెల మధ్యధరా నీరు చల్లన. దాదాపు గంటన్నరకు ఓడ వెనుక భాగం నుంచి మునిగింది. పయొనీర్ అనే అమెరికన్ మైన్‌స్వీపర్, అంటే సముద్రంలోని మందుపాతరలను తొలగించే చిన్న నౌక, చీకట్లో అలల మధ్య తిరుగుతూ 606 మందిని పైకి లాగింది. మరికొన్ని నౌకలు ఇంకొందరిని కాపాడాయి. ఆ సాయంత్రపు దాడిలో కాన్వాయ్ కోల్పోయిన ఓడ రోహ్నా ఒక్కటే. పోయిన ప్రాణాలు 1,100కు పైగా. వారిలో 1,015 మంది అమెరికన్ సైనికులు. ఆ దేశపు సైన్యం శత్రువు దాడిలో సముద్రయానంలో ఒకే నౌక మీద ఇంతమందిని మరెప్పుడూ కోల్పోలేదు.

ఇంత పెద్ద నష్టం ఆ దేశపు ప్రజలకు చాలాకాలం తెలియనే లేదు. తన కొత్త ఆయుధం ఎంత బాగా పనిచేసిందో శత్రువుకు తెలియరాదన్నది మిత్రపక్షాల సెన్సారు ఉద్దేశం. కుటుంబాలకు ‘ఆచూకీ లేదు’ అనే తంతి మాత్రమే అందింది. 1944 ఫిబ్రవరిలో యూరప్ సముద్రాల్లో వెయ్యికి పైగా సైనికులు పోయారని ప్రకటించారు గాని ఓడ పేరు చెప్పలేదు. రేడియోతో నడిపిన బాంబు సంగతి 1960ల దాకా దస్తావేజుల్లోనే ఉండిపోయింది. 1996లో అలబామా రాష్ట్రంలోని ఫోర్ట్ మిచెల్ జాతీయ శ్మశానవాటికలో రోహ్నా స్మారకం లేచింది, 2000లో అమెరికన్ కాంగ్రెస్ తీర్మానం చేసి మృతులను స్మరించింది.

ఈ స్మృతిలో భారతీయ సిబ్బందికి దక్కిన చోటు చాలా చిన్నది, దక్కినది కూడా ఎక్కువగా నిందే. ప్రాణాలతో బయటపడిన సైనికులలో పలువురు, సిబ్బంది తమను వదిలి ముందుగా పడవలెక్కారని తరవాతి కాలంలో చెప్పారు. చీకటిలో, నూనె తేలే నీటిలో చావును చూసినవారి మాటను తేలికగా కొట్టివేయడం తగదు. కొందరు సిబ్బంది తొలి పడవల్లో ఉండవచ్చు. కాని అంకెలు మరో మాట కూడా చెబుతాయి. సైనికులలో ప్రతి పదిమందికి ఐదుగురు చనిపోతే, సిబ్బందిలో ప్రతి పదిమందికి దాదాపు ఆరుగురు చనిపోయారు. ఏడుగురు ప్రధానాధికారులలో ఐదుగురు పోయారు. సిబ్బంది అంతా ముందుగా తప్పించుకుని ఉంటే వారిలో చావుల పాలు ఇంత ఎక్కువగా ఉండేది కాదు. ఓడ ఎక్కడ పగిలిందో, ఆ గదిలో ఎవరు పనిచేస్తున్నారో గుర్తుంచుకుంటే ఈ లెక్క ఆశ్చర్యపరచదు. తుప్పు పట్టిన డేవిట్ల సంగతికి వస్తే, ఓడను నిలిపి మరమ్మతు చేసే వ్యవధి యుద్ధం ఇవ్వదు. మూడేళ్ళుగా ఒక రేవు నుంచి మరో రేవుకు పరుగెత్తిన ఓడలో ఆ తుప్పును గీకవలసిన కూలివాడి మీద నేరం మోపడం న్యాయం కాదు.

ఈ సిబ్బందిని ఇంగ్లీషువారు లాస్కర్లు అనేవారు. బ్రిటిష్ ఇండియా ఓడల్లో పని మూడు పాళ్ళుగా ఉండేది. డెక్కు మీద తాళ్ళు, లంగర్లు, పడవలు చూసే ఖలాసీలు ఒక పాలు. వారి పెద్ద సరంగు. తెలుగువారికి ఆ మాట కొత్తది కాదు, గోదావరి లాంచీలను నడిపేవారిని ఇప్పటికీ సరంగు అనే అంటారు. రెండో పాలు యంత్రాల గదిలోని ఆగ్‌వాలాలు, అంటే అగ్నిగుండాలు మండించేవారు. వీరిలో సిల్హెట్, చిట్టగాంగ్ జిల్లాల బెంగాలీ ముస్లిములు అత్యధికం. మూడో పాలు వంట, వడ్డన చూసేవారు, ఎక్కువగా గోవావారు. ఒక్కో జట్టును సరంగు తన ఊరి నుంచే కూర్చుకొచ్చేవాడు. మలయా తోటకు కంగాణీ ఎలాగో, ఓడకు సరంగు అలాగే: పని దొరకడం అతని చేతిలో, అప్పు అతని దగ్గర, పరువు అతని మాట మీద. ఒకే ఓడలో పైన చాప మీద కూర్చున్న కూలీ, కింద అగ్నిగుండం ముందున్న కూలీ ఒకే రకపు పద్ధతిలో ఊరు విడిచినవారు. బ్రిటిష్ నావికుడి జీతంలో చిన్న వాటాతో పనిచేసే ఈ నావికులు 1939లో యుద్ధం మొదలవగానే పలు రేవుల్లో సమ్మెకు దిగి, కొందరు జైళ్ళకు వెళ్ళి, కొంత పెంపు సాధించుకున్నారు. యుద్ధపు ప్రమాదం ఎంతటిదో వారికి ముందే తెలుసు అనడానికి ఆ సమ్మెలే సాక్ష్యం.

రాజులా యుద్ధం నుంచి బయటపడింది. మళ్ళీ రంగులు వేసుకుని, డెక్కు ప్రయాణికుల సంఖ్య బాగా తగ్గించుకుని, మద్రాసు–నాగపట్నం–పెనాంగు–సింగపూరు దారికి తిరిగి వచ్చింది. యుద్ధకాలంలో జపాన్ వారు సయాం–బర్మా రైలు మార్గపు చాకిరీకి తరలించిన కుటుంబాలలో మిగిలినవారు, తల్లిదండ్రుల ఊరిని తొలిసారి చూడబోయే మలయా పిల్లలు, పెళ్ళి సంబంధాలకు వచ్చేవారు, చీరలూ ఊరగాయ జాడీలూ మోసుకెళ్ళేవారు ఆ ఓడ మీద పాతికేళ్ళకు పైగా రాకపోకలు సాగించారు. 1955లో అక్కడి తెలుగువారు మలయా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్న నాటికి రాజులాకు 29 ఏళ్ళు. 1966 నవంబరులో మద్రాసు తీరాన్ని తాకిన పెను తుఫానులో, వేరే ఓడలు మెరీనా ఇసుకలో కూరుకుపోగా, రాజులా ఆ సముద్రంలోనే అలలకు ఎదురు నిలిచి ప్రయాణికులతో సహా బయటపడింది.

1973లో బ్రిటిష్ ఇండియా దానిని భారత నౌకాయాన సంస్థకు అమ్మింది. మధ్య అండమాన్‌లోని ఒక పట్టణం పేరు మీదుగా రంగత్ అని కొత్త పేరు పెట్టుకుని, అది ప్రధాన భూభాగానికీ అండమాన్ దీవులకూ మధ్య నడిచింది. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వీధులు పెరుగుతున్న కాలమది. సింగపూరు దారిని చిదంబరం అనే మరో ఓడ అందుకుంది. 1985 ఫిబ్రవరిలో దాని మీద చెలరేగిన అగ్నిప్రమాదంతో ఆ ప్రయాణాల శకమే ముగిసింది. రంగత్ ఆ పనిలో ఎక్కువకాలం నిలవలేదు. పాతకాలపు ఆవిరి యంత్రాల ఖర్చు భరించరానిదవడంతో దాన్ని బొంబాయిలో విరగ్గొట్టారు.

యుద్ధంలో సముద్రం పాలైన అవిభక్త భారత వాణిజ్య నావికుల పేర్లు, దాదాపు 6,000, ఒక గౌరవ పట్టీలో రాసి ఉన్నాయి. సమాధి లేని మృతులకు రాతి మీద పేర్లు చెక్కడం కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘపు రివాజు గాని, ఈ నావికుల పేర్లను మాత్రం పుస్తకంలో రాయించి, ఒకేలాంటి రెండు ప్రతులు తీశారు. ఒకటి ముంబయిలోని భారతీయ నావికుల వసతిగృహంలో ఉంది. రెండోది బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో, ఆగ్‌వాలాలలో చాలామంది బయలుదేరిన రేవు ఊళ్ళో ఉంది.